రాతిమీది సూత్రం

1993 శరత్కాలంలో ఒక శనివారం ఉదయం. ఫిన్లండ్‌లోని తుర్కు నగరంలో ముప్పై ఏళ్ల పరిశోధకుడొకరు తన గదిలో కూర్చుని, కాంతి క్వాంటమ్ సిద్ధాంతంపై రోడ్నీ లౌడన్ రాసిన పాఠ్యగ్రంథాన్ని తిరగేస్తున్నారు. ఆయన పేరు స్టెఫాన్ హెల్. రుమేనియాలో పుట్టి, పదిహేనో ఏట తల్లిదండ్రులతో పశ్చిమ జర్మనీకి వలస వచ్చారు. డాక్టరేట్ పొందినా అక్కడ స్థిరమైన కొలువు దొరకలేదు. ఒక ప్రశ్నను వెంటబెట్టుకుని ఇంకా ఉత్తరానికి వచ్చారు.

ఆ ప్రశ్న అప్పటికే 120 ఏళ్ల నాటిది. కాంతి తరంగం కాబట్టి ఎంత మంచి కటకమైనా దాన్ని ఒక్క బిందువు మీదికి తేలేదు. అది చిన్న మరకలా పరచుకుంటుంది. తరంగదైర్ఘ్యంలో దాదాపు సగం, అంటే సుమారు 200 నానోమీటర్లకన్నా దగ్గరగా ఉన్న రెండు వస్తువులు సూక్ష్మదర్శినిలో ఒకటిగానే కనబడతాయని 1873లో ఎర్నెస్ట్ అబ్బే తేల్చారు. బాక్టీరియా కనబడుతుంది, దాని లోపలి అమరిక కనబడదు. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని ఆ హద్దు దాటింది గాని, దానికింద బతికున్న కణాన్ని చూడలేం. యేనా నగరంలో అబ్బే స్మారకం మీద ఆ సూత్రాన్ని రాతిలో చెక్కారు.

హెల్ చూపు ఆగింది ఉత్తేజిత ఉద్గారం గురించిన పుటల దగ్గర. 1917లోనే ఐన్‌స్టీన్ చెప్పిన విషయమది. వెలగబోతున్న అణువు మీద తగిన కాంతి పడితే, అది తన శక్తిని అక్కడికక్కడే వదిలేసి చల్లబడుతుంది. లేజర్ల వాళ్లకు అది కాంతిని పెంచే ఉపాయం. హెల్‌కు అది అణువును ఆర్పే ఉపాయంగా తోచింది. ఒక లేజరుతో అణువులను వెలిగించి, గారె ఆకారంలో ఉన్న రెండో లేజరుతో చుట్టూ ఉన్నవాటిని ఆర్పితే, నడిమి చిల్లులోనివి మాత్రమే మిగులుతాయి. ఆ చిల్లును నమూనా అంతటా జరుపుకుంటూ పోతే చిత్రం సిద్ధమవుతుంది. 1994లో యాన్ విఖ్‌మన్‌తో కలిసి ఆ ఆలోచనను ప్రచురించారు. ప్రయోగంలో నిరూపించడానికి మరి కొన్నేళ్లు పట్టింది.

అమెరికాలో ఎరిక్ బెట్‌జిగ్ కథ వేరు. 1990ల మధ్యలో ఆయన విసుగెత్తి బెల్ ప్రయోగశాలను విడిచిపెట్టి, తండ్రిగారి యంత్ర పరికరాల కంపెనీలో కొన్నేళ్లు పనిచేశారు. 2005లో, తనలాగే ఉద్యోగం లేని మిత్రుడు హెరాల్డ్ హెస్ ఇంటి ముందుగదిలో ఇద్దరూ సొంత డబ్బుతో సూక్ష్మదర్శినిని నిర్మించారు. దీపావళి రాత్రి దూరపు ఊరి దీపాలన్నీ కలిసి ఒకే వెలుగు ముద్దగా కనిపిస్తాయి. అవే దీపాలు కొన్ని కొన్నిగా వెలిగి ఆరితే, ఒక్కోదాని చోటు విడిగా గుర్తించవచ్చు. వాళ్లు అణువులతో చేసింది అదే. కొద్దిపాటి అణువులను వెలిగించి, ఒక్కో మరక నడిబిందువును లెక్కగట్టి, వేల చిత్రాలను ఒకదానిమీద ఒకటి పేర్చారు. విడి అణువును కాంతితో గుర్తించడం సాధ్యమని 1989లో విలియం మోర్నర్ చూపారు. ముగ్గురికీ 2014లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది.

వీళ్లలో ఎవరూ అబ్బేను కాదనలేదు. కాంతి మరక ఇప్పటికీ ఆయన చెప్పినంతే ఉంటుంది. ఆ మరకలోని అణువులన్నీ ఒకేసారి వెలగాలన్న నియమం మాత్రం ఆ సూత్రంలో ఎక్కడా లేదు. అందరూ దాన్ని ఉన్నట్టే అనుకున్నారు.

లౌడన్ పుస్తకాన్ని హెల్‌కన్నా ముందు ఎందరో చదివి ఉంటారు, వారిలో ఆయనకన్నా క్షుణ్ణంగా చదివినవారూ ఉండవచ్చు. ఆ పుటల్లో ఏ రహస్యమూ దాచిపెట్టలేదు. కాని పరాయి ఊళ్లో, రేపటి కొలువు తెలియని ఒక మనిషి తన ప్రశ్నను ఆ పుటల ముందు పెట్టుకుని కూర్చున్నాడు. పాత వాక్యం ఆయనకు కొత్తగా వినబడింది. యేనాలో రాతిమీది సూత్రం మాత్రం చెక్కినది చెక్కినట్టే ఉంది. దాన్ని చెరిపే అవసరం ఎవరికీ రాలేదు.