క్షేత్రవాసం: కాశీలో తొమ్మిది నిద్రలు

పుణ్యస్థలాలను మనం తీర్థాలని, క్షేత్రాలని రెండు పేర్లతో వ్యవహరిస్తాము. వాడుకలో ఈ రెండూ ఒకటిగా కలిసిపోయినా వాటి మూలాలు వేరు. దాటుట అనే అర్థం గల ‘తౄ’ ధాతువు నుండి తీర్థశబ్దం నిష్పన్నమైనది. నివసించుట అనే అర్థం గల ‘క్షి’ ధాతువు నుండి క్షేత్రశబ్దం ఏర్పడినది. తీర్థంలో మునిగి దాటవలెను, క్షేత్రంలో ఉండవలెను. పొలానికి కూడా క్షేత్రమనే పేరు. భగవద్గీత పదమూడవ అధ్యాయంలో ఈ శరీరమే క్షేత్రమని చెప్పబడినది. విత్తినది మొలకెత్తేవరకు కనిపెట్టుకొని ఉండవలసిన చోటు ఏదో అది క్షేత్రం.

ఈ ఫాల్గుణమాసంలో మా కృష్ణాతీర గ్రామాలకు చెందిన ఇరవై ఇద్దరు భక్తులతో కలిసి కాశీలో తొమ్మిది రాత్రులు గడిపిన తరువాత, ఈ భేదం పాఠశాలలో చదువుకొన్ననాటి కంటె నాకు స్పష్టంగా బోధపడినది. ఆ అనుభవాన్ని సాధకులతో పంచుకొనుటయే ఈ వ్యాసానికి ప్రయోజనం.

కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానమనే సామెత నడకదారుల నాటిది. ఏనుగుల వీరాస్వామయ్యగారు సుమారు నూరుమంది పరివారంతో 1830 మే 18న చెన్నపట్టణం నుండి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరుకొన్నారు. ఆయన ‘కాశీయాత్ర చరిత్ర’ చదివినవారికి ఆ పదిహేను మాసాలలో ప్రతి మజిలీ ఒక నివాసమే అయినదని తెలుస్తుంది. మధిర సుబ్బన్న దీక్షితులుగారి ‘కాశీమజిలీ కథలు’ కూడా ఆ విశ్రాంతి ఘడియలను ఆశ్రయించి పుట్టినవే. నేడు విజయవాడలో సంఘమిత్ర ఎక్స్‌ప్రెస్ ఎక్కితే రెండు రోజులలోపే గంగాతీరం చేరవచ్చును. మార్గంలో మిగిలిన కాలమంతా నివాసానికి కలిసిరావలసినది. జరుగుతున్నది వేరు. ఉదయం స్నానం, మధ్యాహ్నం దర్శనం, సాయంత్రం హారతి, మర్నాడు గయ, ఎల్లుండి అయోధ్య. యాత్ర ముగిసిన తరువాత మనస్సులో నిలిచేది వరుసలో నిలుచున్న అలసట మాత్రమే.

రైలులో ఒక సంగతి విన్నాను. మా బృందంలోని దంపతుల కుమార్తె ఐరోపాలో ఉద్యోగం చేస్తున్నది. ఆమె స్నేహితులతో కలిసి ఇటలీలోని వెనిస్ నగరంలో వారం రోజులు తీరికగా గడిపి వచ్చినదట. కాలువలే వీధులైన ఆ నగరంలో, 2024 ఏప్రిల్ 25 నుండి, రద్దీ అధికంగా ఉండే నిర్ణీత దినాలలో, పగలు వచ్చి పగలే వెళ్ళిపోయే సందర్శకుల వద్ద ప్రవేశరుసుము తీసుకొనుట ఆరంభించారు; మొదట అది 5 యూరోలు. రాత్రి అక్కడ బస చేసేవారికి ఆ రుసుము లేదు. ఈ మాట వినగానే మన పెద్దలు స్మరణకు వచ్చారు. క్షేత్రానికి వెళ్ళినవారిని ‘చూసి వచ్చారా’ అని అడిగి వారు ఊరుకొనేవారు కారు. ‘ఎన్ని నిద్రలు చేశారు’ అని అడిగేవారు. కాశీలో తొమ్మిది నిద్రలు చేసినవారికి తొమ్మిది నెలల గర్భవాసం మరల ఉండదని పెద్దల మాట.

మహాశివరాత్రి ఉత్సవాలు ముగిసినవి. మా తమ్ముని కుమారుడు ఆలయంలో నిత్యార్చన బాధ్యత స్వీకరించాడు. డెల్టాలో మినుము ఇళ్ళకు చేరినది. దీన్‌దయాళ్ ఉపాధ్యాయ కూడలిలో దిగి వంతెన దాటుతుండగా, ఎడమవైపు అర్ధచంద్రాకారంలో ఘట్టాల వరుస దర్శనమిచ్చినది. కేదారఘట్టానికి సమీపంలోని ఒక తెలుగు సత్రంలో మా బస.

మొదటి మూడు రోజులు శాస్త్రోక్తంగా గడిచినవి. గంగాస్నానం, డుంఢి గణపతి, విశ్వేశ్వరుడు, అన్నపూర్ణ, విశాలాక్షి, కాలభైరవుడు, తీర్థశ్రాద్ధం, పడవలో పంచగంగా ఘట్టం వరకు ప్రయాణం. నాల్గవనాటి ఉదయం భోజనశాల వద్ద కలకలం మొదలైనది. ఒకరు గయకు వెళదామన్నారు. ఒకరు చీరల దుకాణాల గురించి విచారించారు. దివిసీమకు చెందిన డెబ్బది రెండేళ్ళ రైతు ఒకరు నా దగ్గరకు వచ్చి, “పంతులుగారూ, చేయవలసినవన్నీ అయిపోయినాయి గదండీ. ఇంకా ఇన్ని రోజులు ఇక్కడ ఏం చేస్తామండీ? నలభై ఏళ్ళలో పొలం విడిచి మూడు రాత్రులు ఎక్కడా పడుకోలేదండీ నేను. టిక్కెట్టు మార్పిస్తే వెళ్ళిపోతాను” అన్నారు.

ఆనాటి మధ్యాహ్నం అందరినీ కూర్చోబెట్టి వ్యాసభగవానుని వృత్తాంతం చెప్పాను. శ్రీనాథ మహాకవి భీమఖండంలో విస్తరించిన కథ అది. శిష్యసమేతంగా కాశీలో ఉన్న వ్యాసునికి ఒకనాడు భిక్ష దొరకలేదు. మరునాడు కూడా దొరకలేదు. ఈశ్వరుడు పెట్టిన పరీక్ష అది. వేదాలను విభజించిన మహానుభావుడు ఆ రెండు రిక్తదినాలను సహించలేక కాశీనే శపించబోయాడు. జగన్మాత గృహిణిరూపంలో పిలిచి, మందలించి, శిష్యులతో సహా భోజనం పెట్టినది. అనంతరం ఈశ్వరుడు ఆయనను పురి విడిచి వెళ్ళమన్నాడు. అట్లు బయలుదేరిన వ్యాసుడు మన గోదావరీమండలంలోని దక్షారామానికి వచ్చాడని ఆ పురాణకథ. గంగకు ఆవలి ఒడ్డున రామ్‌నగర్ వద్ద వ్యాసుని ఆలయం నేటికీ ఉన్నది.

ఈ కథలో నాకు విచారణీయంగా తోచేది వ్యాసుని కోపం కాదు, దానికి ముందున్న రెండు రోజులు. నిండిన దినాలలో కాశీ అందరికీ కాశీగానే కనిపిస్తుంది. ఏమీ దొరకని దినం, ఏమీ చేయవలసినది లేని దినం వచ్చినప్పుడు మనలో ఏది పైకి లేస్తుందో అదే మన యథార్థస్థితి. కనుక మిగిలిన రోజులను అట్లే రిక్తంగా ఉంచుదామని, కార్యక్రమపట్టిక వేయనని చెప్పాను. ఇద్దరు గయకు వెళ్ళివచ్చారు. మిగిలినవారు ఉండిపోయారు. ఆ రైతు కూడా ఉండిపోయారు.

ఆ తరువాతి దినాలను గురించి చెప్పుటకు విశేషాలు స్వల్పం. సూర్యోదయానికి స్నానం. కేదారేశ్వరుని దర్శనం. ఫాల్గుణంలో గంగ తగ్గి మెట్లన్నీ బయటపడి ఉంటాయి గనుక, ఘట్టం నుండి ఘట్టానికి నెమ్మదిగా నడక. అలసిన చోట కూర్చొనుట. సత్రంలో పప్పు, కూర, చారు. మధ్యాహ్నం కొంచెం కునుకు. సాయంకాలం మెట్లమీద కాశీఖండ శ్రవణం. ఒకనాడు పంచగంగా ఘట్టం వద్ద త్రైలింగస్వామివారి మఠాన్ని దర్శించాము. విజయనగర ప్రాంతంలో జన్మించి, కాశీలో దీర్ఘకాలం వసించి, 1887లో అక్కడే దేహం చాలించిన అవధూత ఆయన. కాశీవాసులు ఆయనను మన దేశపు పేరుతోనే పిలుచుకొన్నారు. ఆయన ఏమి చేశారని మా బృందంలో ఒకరు అడిగారు. ఎక్కువగా మౌనంగా ఉన్నారని చెప్పాను.

రైతుగారు అయిదవరోజు నుండి సత్రం వంటశాలలో కూరలు తరుగుటకు కూర్చోసాగారు. పని లేక ఉండలేని చేతులు అవి. ఏడవరోజు అక్కడికి వెళ్ళలేదు. ఘట్టంలో ఒక మెట్టు మీద చాలాసేపు కూర్చున్నారు. ఎనిమిదవనాటి ఉదయం స్నానానికి దిగుతుండగా నన్ను ఆపి, “నా ఇల్లాలు కాశీ తీసుకెళ్ళమని అడిగేదండీ. కుప్పలు నూర్చాక చూద్దామనేవాణ్ణి. కుప్పలయ్యాక మినుము తీశాక అనేవాణ్ణి. ఆవిడ పోయి ఆరేళ్ళయింది. ఆవిడ పేరున ఇంకొకసారి నీళ్ళు వదలవచ్చా అండీ?” అని అడిగారు.

కారుణ్యపితరుల వరుసలో ఆత్మపత్నికి స్థానమున్నది. రెండవరోజు పురోహితులు తర్పణం చేయించినప్పుడు అందరితోపాటు ఆయన కూడా ఆమె గోత్రనామాలు చెప్పి నీళ్ళు విడిచారు. ఆ వరుసలో అది ఒక పేరు. ఒక్క క్షణంలో దాటిపోయినది. శాస్త్రదృష్టిలో ఆ కర్మ సంపూర్ణమే. అయినా గంగలో నిలిచి మరల తర్పణం విడుచుటకు అభ్యంతరం ఏమున్నది? మోకాలిలోతు నీటిలో ఇద్దరం నిలుచున్నాము. సంకల్పం చెప్పించి, ఆమె పేరు చెప్పమన్నాను. ఆయన నోరు తెరచి ఆగిపోయారు. నేను తొందరపెట్టలేదు. చాలాసేపటికి పేరు పలికారు. మూడుసార్లు నీళ్ళు విడిచి, గట్టు మీదకు వచ్చి, తువ్వాలుతో ముఖం తుడుచుకొని, “ఆవిడ పేరు పైకి పలికి ఎన్నాళ్ళయిందో పంతులుగారూ” అన్నారు.

మొదటి తర్పణానికి, రెండవ తర్పణానికి మంత్రంలో భేదం లేదు, ద్రవ్యంలో లేదు, నదిలో లేదు. మధ్యలో గడిచిన ఆరు రోజుల తీరికలోనే ఉన్నది భేదమంతా. ఆయన నాలుగవనాడే రైలెక్కి ఉంటే కాశీయాత్ర లోపం లేకుండా పూర్తయ్యేది; ఆ దుఃఖం మాత్రం ఆయనతోనే తిరిగి పొలానికి వెళ్ళేది. పంట ఇంటికి చేరేవరకు పొలాన్ని కనిపెట్టుకొని ఉండుట ఆయనకు జీవితమంతా తెలిసిన విద్యయే. తన అంతఃకరణమనే క్షేత్రం దగ్గర అట్లు కనిపెట్టుకొని ఉండుటకు ఆయనకు వ్యవధి దొరకలేదు. మనలో ఎందరికి దొరికినది?

కాశీలో ఇష్టమైనదొకటి విడిచిరావలెనని ఆచారం. పండో, కూరో విడుచుట సులభం. తీరికను భయపడే స్వభావాన్ని విడుచుట కష్టం. మా బృందంలో అందరూ విడిచామని చెప్పజాలను. తొమ్మిదవ రాత్రి కూడా మర్నాటి రైలు గురించి మూడుసార్లు అడిగినవారున్నారు.

పాఠకులకు నా విన్నపం ఇంతే. క్షేత్రానికి వెళ్ళినప్పుడు చూడవలసినవాటి పట్టికకు చివర కొన్ని దినాలు రిక్తంగా ఉంచుకొనండి. తొమ్మిది నిద్రలకు అవకాశం లేనివారు మూడు చేయండి. కాశీకి వెళ్ళలేనివారికి మన దివిసీమ అంచున పెదకళ్ళేపల్లి ఉన్నది. దక్షిణకాశిగా ప్రసిద్ధమైన ఆ నాగేశ్వరక్షేత్రం వద్ద కృష్ణవేణి ఉత్తరవాహిని. అక్కడ ఒక రాత్రి నిద్ర చేయండి. మీ ఇంట ‘ఈ పని అయ్యాక చూద్దాం’ అన్న జవాబు కోసం ఎవరైనా ఎదురుచూస్తూ ఉంటే, వారిని కూడా వెంట తీసుకొని వెళ్ళండి.

సర్వం శివార్పణమస్తు.