వెనుక నుండి వచ్చే శబ్దం

భయానికి కారణం బయట ఉన్నదా, లోపల ఉన్నదా? వేదాంత ప్రవచనాలలో ఈ ప్రశ్నను అనేక పర్యాయాలు విన్నాను. సమాధానం కూడా విన్నాను, అర్థమైనదనే భావించాను. అది అర్థం కాలేదని తెలియడానికి నాకు ఒక ప్రమాదం అవసరమైనది. కొంతైనా అర్థం కావడానికి ఫ్రాన్సు దేశపు కొండలలో, వాహనసంచారం లేని ఒక కంకరదారి అవసరమైనది. ఆ అనుభవాన్ని సాధకమిత్రులతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

ఉద్యోగరీత్యా మా కుటుంబం లియోన్ నగరంలో నివసిస్తున్నది. రెండేళ్ల క్రితం సైకిలుపై కార్యాలయానికి వెళ్తుండగా వెనుక నుండి వచ్చిన ఒక కారు తాకి పడిపోయాను. భుజం దగ్గర ఎముక విరిగింది. మూడు నెలలలో ఎముక అతికింది కాని, వెనుక వాహనధ్వని వినబడితే చాలు, భుజాలు బిగుసుకొని శ్వాస స్తంభించేది. సైకిలు నేలమాళిగకు చేరింది. అంతకు మునుపు మా అమ్మాయి, నేను కలిసి సైకిళ్లపై ఆమె పాఠశాల వరకు వెళ్లేవాళ్లం. "నాన్నా, రేపు సైకిలు మీద వెళ్దామా?" అని ఆ పదకొండేళ్ల పిల్ల అడిగినప్పుడల్లా ఏదో ఒక మిష చెప్పేవాణ్ణి. కొంతకాలానికి అడగడం మానివేసింది. ఒకనాడు స్నేహితురాలు సైకిలు తొక్కుదాం రమ్మని పిలిస్తే, "వద్దు, వెనుక నుంచి కార్లు వస్తాయి" అని ఆమె చెప్పడం నా చెవిని పడింది. ఆ మాట నాది, ఆ స్వరం కూడా నాదే. తండ్రి సంతానానికి విద్యను ఇవ్వవచ్చు, సంస్కారాన్ని ఇవ్వవచ్చు. నేను ఇస్తున్నది భయం. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

కార్లే లేని దారిలో తొక్కితే భయం పోతుందని తలచాను. లియోన్‌కు దక్షిణాన, రోన్ నదికి పశ్చిమంగా ఉన్న అర్దెష్ ప్రాంతంలో అటువంటి దారి ఉన్నది. పేరు డోల్చె వియా, అంటే మధురమార్గం. పందొమ్మిదవ శతాబ్దపు చివరి దశకంలో ఆ కొండలలోనికి మీటరు వెడల్పు పట్టాలతో ఒక చిన్న రైలుమార్గం వేశారు. 1968లో రైళ్లు ఆగిపోయాయి. పట్టాలు తొలగించిన ఆ బాటే తరువాతి కాలంలో దాదాపు 90 కిలోమీటర్ల హరితమార్గమైనది. అక్కడక్కడ రోడ్డును దాటే కూడళ్లు మినహా మోటారు వాహనాలకు ప్రవేశం లేదు. పాదచారులు, సైకిలు యాత్రికులు, అశ్వారూఢులు మాత్రమే సంచరిస్తారు. కొండదారి అయినా నిటారైన ఎక్కుడు లేదు, ఏలయనగా ఆనాటి ఆవిరియంత్రం నిటారుగా ఎక్కలేదు. యంత్రం యొక్క ఆ అశక్తతయే ఈనాడు నావంటి దుర్బలునికి అనుగ్రహమైనది.

గత సెప్టెంబరులో ఒక శనివారం ఉదయం వెడల్పు టైర్ల గ్రావెల్ సైకిలుతో రైలులో వలాన్స్ చేరి, నదీతీరపు సైకిలు బాట వెంట లా వూల్త్ గ్రామానికి వెళ్లాను. మధురమార్గం అక్కడ ప్రారంభమౌతుంది. అది ఎరియో అనే ఉపనది వెంట, ఆ నది రోన్‌లో కలిసే చోటి నుండి దాని జన్మస్థానం దిశగా ఎగువకు సాగుతుంది. ఇరువైపులా గారలేని రాతిగోడలతో, మెట్లుమెట్లుగా మలచిన కొండవాలు పొలాలు. వాటిపైన చెస్ట్‌నట్ వనాలు. ధాన్యం పండని ఆ వాలులలో శతాబ్దాలపాటు ప్రజలకు ఆ గింజలే ఆహారం, అందుకే దానిని రొట్టెచెట్టు అని పిలిచేవారు. పాత స్టేషను భవనాలు ఒక్కొక్కటిగా ఎదురై వెనుకకు జరిగిపోతున్నాయి. చక్రాల క్రింద కంకర మృదువుగా నలుగుతున్నది. క్రింద నది ఘోషిస్తున్నది. నిర్భయంగా ఉండడానికి కావలసినదంతా అక్కడ ఉన్నది.

అయినా నేను వెనుదిరిగి చూస్తూనే ఉన్నాను. వంపు వంపునకూ చూశాను. వెనుక ఎవరూ లేరు, రాలేరు కూడా. ఆ సంగతి బుద్ధికి తెలుసు, మెడకు తెలియదు. యాభై కిలోమీటర్లు తొక్కి సాయంకాలానికి ల షేలార్ పట్టణం చేరి బస చేసినప్పుడు, కాళ్లకంటె మెడ ఎక్కువగా నొప్పి పెట్టింది. కారణం లేనిచోట కూడా కార్యం నిలిచి ఉన్నదంటే, నేను కారణమనుకొన్నది కారణం కాదన్నమాట. ఈ తర్కం ఆ రాత్రే స్ఫురించింది కాని, తర్కంతో మెడనొప్పి తగ్గలేదు.

మరునాడు ఉదయం సెంట్ అగ్రేవ్ వైపు ఎక్కుతూ ఒక సొరంగంలో ప్రవేశించాను. లోపల చల్లదనం, మసకవెలుతురు. నడుమకు చేరేసరికి వెనుక నుండి గరగరమని ఒక ధ్వని సమీపించింది. నిస్సందేహంగా వాహనమే. గోడవైపు ఒరిగి, బ్రేకు వేసి, కాలు నేల మోపి నిలిచాను. ధ్వని ఆగిపోయింది. వెనుదిరిగి చూస్తే ప్రవేశద్వారపు వెలుగు తప్ప మరేమీ లేదు. గుండె కొట్టుకొంటూనే ఉన్నది. మెల్లగా కదిలాను, ధ్వనీ కదిలింది. ఆగాను, ఆగింది. నా చక్రాల క్రింది కంకరధ్వనియే రాతికప్పును తాకి, వెనుక నుండి నన్ను చేరుతున్నది. నన్ను తరుముతున్నది నేనే. ఆ సొరంగంలో ఒంటరిగా బిగ్గరగా నవ్వాను. నవ్వు కూడా వెనుక నుండే వినిపించింది.

అప్పుడు బృహదారణ్యకోపనిషత్తులోని ప్రజాపతి వృత్తాంతం జ్ఞప్తికి వచ్చింది. ఆదిలో ఆయన ఒక్కడే ఉన్నాడు, అయినా భయపడ్డాడు. తనకంటె అన్యమైనది ఏదీ లేనప్పుడు దేనికి భయపడుతున్నానని విచారించాడు, భయం తొలగిపోయింది. ఒక్కడే ఉంటే భయమెందుకని ఆ కథ విన్నప్పుడల్లా సందేహించేవాణ్ణి. సొరంగంలో ఆ సందేహం తీరింది. రెండవది లేనిచోట మనస్సు తన ధ్వనినే రెండవదిగా చేసుకొంటుంది. గౌడపాదాచార్యులు మాండూక్యకారికలలో చీకటిలోని త్రాటిని చూపి బోధించినది కూడా ఈ ఆరోపమునే. త్రాటిని కొట్టి పామును చంపలేము, దీపం తెచ్చి చూడవలెను. నేను ఆగి చూడడమే ఆ క్షణంలో దీపమైనది.

అయితే ఇక్కడ సాధకులు ఒక పొరపాటుకు లోను కారాదు. సాయంకాలం తిరుగుప్రయాణంలో, వలాన్స్ రైలుస్టేషనుకు చేరే చివరి వీధులలో వెనుక నిజంగానే కారు వచ్చింది. భుజాలు మళ్లీ బిగిశాయి. ఆ కారును మిథ్య అని తోసిపుచ్చడం వేదాంతం కాదు, అవివేకం. సొరంగంలోని వాహనం ప్రాతిభాసికం, వీధిలోని కారు వ్యావహారికం. వ్యవహారంలో దానికి దారి ఇవ్వవలసినదే. ప్రక్కకు తొలగి దారి ఇచ్చాను. అది వెళ్లిపోయిన తరువాత కూడా బిగిసి ఉన్న భుజాలను గమనించి సడలించాను. కారును గమనించడం జాగరూకత. అది లేనప్పుడు కూడా దానిని మోయడం భయం. రెండేళ్లుగా ఈ రెండింటినీ ఒకటిగా భావించాను. కార్ల మధ్యనే ఉండి ఉంటే ఈ భేదం నాకు ఎన్నటికీ తెలిసేది కాదు, ఏలయనగా అక్కడ భయానికి ఎప్పుడూ ఒక సాక్ష్యం దొరుకుతుంది. పెద్దలు సాధకునికి ఏకాంతవాసం విధించినది ఇందుకేనేమో. అక్కడ నింద మోపడానికి వేరెవరూ ఉండరు.

మరుసటి శనివారం ఉదయం అమ్మాయిని నేనే అడిగాను. "కార్లు వస్తాయి కదా నాన్నా?" అన్నది. "వస్తాయి తల్లీ. వచ్చినప్పుడు చూసుకొందాం" అన్నాను. ఆమె ముందు, నేను వెనుక. నా మెడ రెండు మూడు మార్లు తిరిగింది. భయం పూర్తిగా పోయిందని చెప్పను. శ్రవణం ఒక్కసారి జరిగినా నిదిధ్యాసనం ప్రతిదినం జరుగవలసినదే కదా. మలుపు దగ్గర ఆమె చేయి చాచి సంకేతం ఇచ్చి, వెనుదిరిగి నావైపు చూసి నవ్వింది. తన వెనుక వచ్చే శబ్దం తండ్రిదని ఆమెకు తెలుసు.

శుభం భూయాత్.