ఒక పొయ్యి, ఒక కుటుంబం

మన పత్రికలో ఉద్యోగ జ్ఞాపకాలు రాసే పెద్దలు రైల్వేలోనో బ్యాంకులోనో ముప్పై ఏళ్ళు చేసినవారు. నాది అంత చెప్పుకోదగిన ఉద్యోగం కాదు. 1995, 96 సంవత్సరాల్లో ఎం.ఏ. చదువుకుంటూ, ఒక విశ్వవిద్యాలయపు అర్థశాస్త్ర విభాగంలో పార్ట్‌టైం రీసెర్చ్ అసిస్టెంటుగా పనిచేశాను. నెలకు 900 రూపాయలు, బస్సు ఛార్జీలు వేరు. పేదరికం, అసమానతల మీద ఇంటింటి సర్వే. నన్ను తీసుకున్నది మార్కులు చూసి కాదు. షోలాపూర్ పూర్వభాగంలో ఆడవాళ్ళ దగ్గర కూర్చుని తెలుగులో మాట్లాడగలవాళ్ళు ఆ విభాగంలో ఇంకెవరూ లేరు. నేను ఆ వీధుల్లోనే పుట్టి పెరిగినదాన్ని.

యానాంలోనో బరంపురంలోనో ఉన్న పాఠకులకు మా ఊరి సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. తాతముత్తాతల కాలంలో కరీంనగర్, వరంగల్, నల్లగొండ, పాలమూరు వైపు నుంచి నేతపని కోసం వచ్చి స్థిరపడిన పద్మశాలి కుటుంబాలు ఇక్కడ వేలకు వేలు. మగవాళ్ళు సాంచెల మీద చాదర్లు, తువ్వాళ్ళు నేస్తారు. ఆడవాళ్ళు ఇంటి దగ్గర చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడతారు. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. వెయ్యి చుట్టాలంటే తెల్లవారి లేచింది మొదలు దీపాలు పెట్టేదాకా పడుతుంది.

సర్వే ఫారం ఇరవై పేజీలు. బియ్యం, జొన్నలు, పప్పు, నూనె, చక్కెర, కిరసనాయిలు - గత 30 రోజుల్లో ఎంత వాడారు, ఎంత ధర పెట్టారు అని ఒక్కొక్కటే అడగాలి. మన దేశంలో పేదరికాన్ని లెక్క కట్టే పద్ధతికి ఇదే పునాది. పూణేలో దండేకర్, రథ్ గార్లు 1971లో ప్రచురించిన అధ్యయనంలో మనిషికి రోజుకు 2,250 కేలరీల తిండి కొనగలిగే ఖర్చును గీటుగా పెట్టారు. 1979లో ప్రణాళికా సంఘం నియమించిన బృందం దాన్ని పల్లెలకు 2,400, పట్టణాలకు 2,100 అని మార్చింది. ఆపైన 1993లో, 2009లో మళ్ళీ మళ్ళీ సవరించారు. గీటు ఎక్కడ గీసినా లెక్క మాత్రం ఒకటే: ఇంటి ఖర్చు మొత్తం కూడి, ఇంట్లో తలల సంఖ్యతో భాగించడం.

కాగితం మీద ఇది సులువుగానే ఉంటుంది. మా వీధి ఆడవాళ్ళకు నెల అనేదే లేదు. కూలి వారానికోసారి వస్తుంది, సరుకు రోజూ పొట్లాల్లో వస్తుంది. "నెల లెక్క నాకేం దెలుస్తది బిడ్డా? దినాం పొట్లం తెస్త" అనేది ఒక పెద్దమ్మ. పొట్లాల్లో కొంటే కిలో ధర కంటే ఎక్కువ పడుతుందని ఆమెకు తెలుసు. కిలో కొనే డబ్బు ఒక్కసారిగా చేతికి రాదు, అంతే. జొన్నలు ఎన్ని కిలోలంటే చెప్పలేదు, పూటకు ఎన్ని రొట్టెలో మాత్రం తడుముకోకుండా చెప్పేది. రొట్టెల్ని కిలోల్లోకి మార్చే పని నాది. (ఈ గుర్తుతెచ్చుకునే గడువు చిన్న విషయమేమీ కాదు. 1999-2000లో ప్రభుత్వ శాంపిల్ సర్వే తిండి ఖర్చును 7 రోజులకు, 30 రోజులకు పక్కపక్క గడుల్లో అడిగింది. అప్పుడు తేలిన పేదరికం అంకె మీద ఆర్థికవేత్తలు ఏళ్ళ తరబడి వాదించుకున్నారు.)

నేను అడుగుతున్నంతసేపూ ఆ చేతులు ఆగేవి కావు. ఆకు కత్తిరించడం, పొగాకు నింపడం, చుట్టి దారం కట్టడం, నోటితో జవాబు. "గిదంత రాసుకపోతె మాకేమొస్తది?" అని ఇంచుమించు ప్రతి ఇంట్లో అడిగారు. ఏమీ రాదనే చెప్పాను. ఇల్లొస్తుంది, కార్డొస్తుంది అని ఆశ పెట్టవద్దని మా ప్రొఫెసరు గారు గట్టిగా చెప్పారు, అది న్యాయమే. కానీ అడిగినందుకు నాకు జీతం, చెప్పినందుకు ఆమెకు గంటన్నర నష్టం. ఈ లెక్క నాకు అప్పుడూ మింగుడు పడలేదు, ఇప్పుడూ పడదు.

ఇక కుటుంబం అంటే ఏమిటి? ఒకే వంటగదిలో వండుకుని కలిసి తినేవాళ్ళంతా ఒక కుటుంబం అని నిర్వచనం. మనవాళ్ళకు అది చెప్పనక్కరలేదు, పొయ్యి వేరైతే కాపురం వేరని మనకు తెలియనిదా! ఒక ఇంట్లో మూడు గదులు, అన్నదమ్ములిద్దరు, రెండు స్టవ్వులు. అంటే రెండు ఫారాలు. తల్లి పొద్దున పెద్దకొడుకు దగ్గర, రాత్రి చిన్నకొడుకు దగ్గర తింటుంది. ఒక మనిషిని రెండు ఫారాల్లో రాయకూడదు. ఎవరి వైపు రాయాలని అడిగితే కోడళ్ళిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ముసలమ్మే తేల్చింది: "చిన్నోని దిక్కు రాయి బిడ్డా, వానికి పిల్లలు లేరు." ఆ మాటతో చిన్నకొడుకు ఇంటి ఖర్చును ఇద్దరికి బదులు ముగ్గురికి పంచాను. కాగితం మీద ఆ ఇల్లు పేదదైంది.

ఫారంలో చోటు లేని మాటలు చాలా వినవచ్చాయి. బహుశా నేను మన పిల్లనని చెప్పి ఉంటారు. నువ్వేం తింటావు అని అడిగితే, "నాకేముంది, అందరు తిన్నంక గిన్నెల ఉన్నది తింట" అనేవారు. కూర అయిపోతే పల్లీల పొడి, అదీ లేకపోతే రొట్టె, పచ్చిమిరపకాయ. ఒక ఇంట్లో నెలకు రెండు లీటర్ల నూనె రాశాను, అందులో ఆ ఇల్లాలి వంతు ఎంతో ఎవరికీ తెలియదు. భాగహారంలో మాత్రం ఆమెకూ మామగారికీ సమానంగానే వచ్చింది.

సగటుతో వచ్చే చిక్కు మన కులంలోనూ ఉంది. నా జాబితాలోని ఒకే వీధిలో ఇరవై సాంచెల కార్ఖానా ఆసామి ఉన్నాడు, అందులో రాత్రి పాళీ నడిపే మనిషీ ఉన్నాడు. ఇద్దరూ పద్మశాలీలే, ఇద్దరూ మార్కండేయుని రథం వెంట నడిచేవారే. మనవాళ్ళు షోలాపూర్‌లో బాగా నిలదొక్కుకున్నారని సభల్లో అన్నప్పుడల్లా నాకు ఆ రెండు ఫారాలూ పక్కపక్కనే కనిపిస్తాయి. ఆసామి ఇంట్లో ఆడవాళ్ళు బీడీలు చుట్టరు. జవాబులన్నీ ఆయనే చెప్పారు, ఇల్లాలు లోపలి నుంచి చాయ్ పంపింది.

చోటు లేని మాటలను నేను ఫారాల వెనుక పెన్సిలుతో రాస్తూ పోయాను. ప్రొఫెసరు గారు కోప్పడలేదు. వాటిని విడిగా ఒక నోటుపుస్తకంలోకి ఎక్కించమన్నారు. నివేదికలోకి అవి ఎక్కలేదు. అంకె కానిదాన్ని పట్టికలో ఎలా పెడతాం అన్నారు, ఆయన మాట నిజమే.

తరువాత అంకెలూ వచ్చాయి, మరో దారిలో. 1998-99 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఇళ్ళలో ఆడవాళ్ళ రక్తం కూడా పరీక్షించడం మొదలుపెట్టారు. 2019-21 సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 57 మందికి రక్తహీనత, అదే వయసు మగవాళ్ళలో 25 మందికి. నెలసరి, కాన్పులు కూడా కారణమే కాబట్టి అంతా తిండి వల్లే అనను. 2022-23లో ప్రభుత్వం జరిపిన వినియోగ వ్యయ సర్వేలో ఫారాన్ని మూడుగా విడగొట్టి, ఇంటికి మూడు నెలల్లో మూడుసార్లు వెళ్ళారు. ఒక్క బైఠక్‌లో ప్రాణం తీసే మా ఇరవై పేజీల కంటే అది ఎంతో మెరుగు. కుటుంబం అంటే మాత్రం అందులోనూ ఒకే పొయ్యి.