బాలికల క్రీడలు – మన వ్రాతలు

శ్రీకూర్మమున మా యింటి యరుగుమీద గూర్చుండి ప్రతిదినము పత్రికలో క్రీడలపుటను మొదట చదువుట నాకు చిరకాలపు టలవాటు. ఆటలాడి యెరుగను, చదివి యెరుగుదును. ఒకప్పుడు వ్రాసియు నుంటిని. ఆ వ్రాతనుగూర్చియే చెప్పదలచితిని.

నేను పనిచేసిన కళాశాలలో పోటీల వార్తలను పత్రికలకు పంపు పని, తెలుగు పంతులనగుటచేత, నామీద బడినది. 2001వ సంవత్సరమున అంతరకళాశాలల పోటీలలో మా విద్యార్థిని యొకతె బరువులెత్తుటలో ప్రథమురాలయ్యెను. కూలివారి బిడ్డ. నేను మిగుల సంతసించి యామెనుగూర్చి పది పంక్తులు వ్రాసి పంపితిని. అణకువ గలదనియు, ఇంటిపనులలో తల్లికి చేదోడనియు, వంటయందు నేర్పరియనియు వ్రాసితిని. ఆ పోటీలలోనే గెలిచిన బాలునికి మూడు పంక్తులే దక్కినవి. అతడెత్తిన కిలోలను మాత్రము తప్పక వేసితిని. అతనికి వంట వచ్చునో రాదో నేనడుగనే లేదు.

వార్త పడిన నాడు ఆ బాలిక పత్రికను చేతబట్టుకొని వచ్చెను. నిష్ఠురముతో గాదు, నిజముగనే తెలిసికొన గోరి యడిగెను: “మాస్టారండీ, నాకు వంటొచ్చని రాసినారు గానీ, నేనెంత బరువెత్తినానో రాయనేదేటండీ?”

స్నాచ్‌లో 55, క్లీన్ అండ్ జెర్క్‌లో 70, మొత్తము 125 కిలోలు. ఆ యంకెలు నా చీటిలో నుండినవి. వానిని విడిచి వంటను వ్రాసినవాడను నేనే.

అప్పటికి సిడ్నీ ఒలింపిక్ క్రీడలు ముగిసి యేడాదియైన నిండలేదు. మాకు దాపుననే యున్న ఆమదాలవలస ప్రాంతపు ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి చిత్రపటమును మా కళాశాల గోడకు దగిలించి యుంటిమి. 2000 సెప్టెంబరు 19న, 69 కిలోల తరగతిలో 110, 130, మొత్తము 240 కిలోలెత్తి యామె కంచుపతకము గెలిచెను. స్త్రీలకు ఒలింపిక్సులో బరువులెత్తు పోటీ పెట్టుట అదియే ప్రథమము. భారతస్త్రీ ఒలింపిక్ పతకము పొందుటయు నదియే ప్రథమము. ఆమెకు ముందు నిలిచిన యిరువురును 242.5 కిలోల చొప్పున నెత్తిరి. తుదియత్నమున 137.5 కిలోలకు సాహసించి యామె తప్పెను. సాధించియున్నచో స్వర్ణమే! ఇంతటి యుత్కంఠ గల ఘట్టమును మనవారిలో నెందఱు చెప్పగలరు? “మన జిల్లా యాడపడుచు” అని మురిసినవారమే గాని లెక్క జ్ఞాపకముంచుకొన్నవారము కాము. ఆమె ప్రయాణమునకు ముందు ఎంపికను పత్రికలలో విమర్శించిన వారుండిరి. కిలోల లెక్కతో జేసిన విమర్శ నాకు తప్పుగా దోపదు, అదియు గౌరవమే.

హైదరాబాదున పెరిగిన మిథాలీ రాజ్‌ను 2017లో ఒక విలేఖరి, నీకిష్టుడైన పురుషక్రికెటరెవరని యడిగెను. పురుషులను మీరిట్టి ప్రశ్న యడుగుదురా యని యామె తిరిగి ప్రశ్నించెను. మా విద్యార్థిని ప్రశ్నయు నదియే గదా!

స్త్రీల యాటలకు చదువరులు లేరు, కావున వ్రాయము అని పత్రికలవారందురు. అంకెలు లేని యాటవార్త ఎవరికి రుచించును? విజయనగరము జిల్లా కొండవెలగాడకు చెందిన మత్స సంతోషి 2014లో గ్లాస్గో కామన్వెల్తు క్రీడలందు 188 కిలోలెత్తి, మొదట కంచును, ప్రథమురాలు నిషిద్ధౌషధ పరీక్షలో దొరకుటచే పిదప వెండిని పొందెను. ఇంతకంటె కథ యేమి కావలెను?

ఇంకొకటియు నేను వ్రాయలేదు. బరువులగది తాళపుచెవి బాలురయొద్ద నుండెడిది. వారు ముగించిపోవువఱకు బాలికలు గుమ్మమున నిలుచువారు. ఇంతలో ఊరి యాఖరిబస్సు వేళయగుచుండెను. ఆ బాలిక అభ్యాసమునకు మిగిలినది అరగంట. ఆ యరగంటతో 125 కిలోలు! అది నేను చూచుచునే యుంటిని. వ్రాసిన ఎవరైన నొచ్చుకొందురేమో యని, వంటను వ్రాసితిని.

సవరణ పంపితిని, అచ్చు కాలేదు. మఱునాడు నోటీసుపలకమీద ఆమె పేరును, దాని క్రింద 55, 70, 125 అనియు సుద్దతో వ్రాసితిని. మధ్యాహ్నము ఆ బాలిక వచ్చి చూచి, 70లోని సున్న సరిగా పడలేదని, తానే సుద్ద యడిగి దిద్దుకొనెను.