తేల్చని ముగింపు

మొన్న తాండూరులో ఒక విశ్వాసి ఇంటికి బయలుదేరి, వికారాబాద్‌లో రైలెక్కి యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ చివరి పేజీలు చదివాం. పాస్టర్లు చదివే పుస్తకమా అని నవ్వకండి. చిన్నపిల్ల తులసికి వచ్చింది జబ్బా, చేతబడా అన్న ఉత్కంఠలో ధారూరు ఎప్పుడు దాటిందో కూడా తెలియలేదు. తీరా చూస్తే పిల్ల బతికింది గానీ, కాపాడింది వైద్యమా, మంత్రమా అన్నది రచయిత మనకే వదిలేశారు. ఇంతసేపు చదివించి ఇదేనా అని ఉసూరుమన్నాం.

తాండూరులో అదే ప్రశ్న మా ముందుకొచ్చింది. ఆ ఇంటి పాపకు ఫిట్స్ వచ్చి, ఆస్పత్రి మందులతో తగ్గాయి. నాయనమ్మ మెల్లగా అడిగింది: “అయ్యగారూ, మందులతోని తగ్గిందా, బాణామతి ఇడిసిందా?” ఆమె చూపు పక్కింటి ముసలమ్మ గుమ్మం మీదుంది.

ప్రార్థన చేసి, “అంతా దేవునికే తెలుసు” అని లేచి రావడం సులువు. అలా వచ్చేసిన రోజులూ ఉన్నాయి. కానీ మేము తేల్చకపోతే ఆ ముసలమ్మ మీద నింద అలాగే ఉండిపోతుంది.

“అమ్మా, ఇది ఫిట్స్ జబ్బు. బాణామతి కాదు. డాక్టరు చెప్పేదాకా మాత్రలు ఆపొద్దు” అన్నాం. ప్రార్థన చేసి, అందరం కలిసి పక్కింటికి వెళ్లాం. ముసలమ్మ చాయ్ పెట్టింది. నాయనమ్మ సగమే తాగింది. సగమైనా తాగింది.

నవల తేల్చకపోతే చదివినవాళ్లకు నిరాశ, అంతే. ఊళ్లో మనం తేల్చకపోతే ఒక మనిషికి బతుకే ఉండదు.