ముందుపళ్ల మచ్చలు

నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు నుంచి వచ్చే పేషెంట్లలో చాలామంది చెయ్యి అడ్డం పెట్టుకునే మాట్లాడతారు. ముందుపళ్ల మీద సుద్ద గీసినట్టు తెల్లచారలు, కొందరికి ముదురు గోధుమ మచ్చలు. గార అనుకుని బొగ్గుపొడితో రుద్ది రుద్ది ఉన్న ఎనామిల్ కూడా అరగదీసుకుంటారు. చిగురు లోపల పళ్లు తయారయ్యే వయసులో, అంటే దాదాపు ఎనిమిదేళ్లలోపు, తాగిన బోరునీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల వచ్చిన మచ్చలవి. ఎంత తోమినా పోవు.

డిగ్రీ అయిపోయిన కూతుర్ని వెంటబెట్టుకొచ్చిన ఒక తల్లి, "పిల్లకు లగ్గం కుదిరింది సారూ, ముంగటి పండ్లన్నిటికీ క్యాపులు ఎయ్యున్రి" అంది. ఆ తొందర నాకు అర్థమవుతుంది. కానీ క్యాపు వెయ్యాలంటే పన్నును చుట్టూ ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటర్ల మేర అరగదియ్యాలి. ఇరవైల్లో పంటి లోపలి నరం గది ఇంకా పెద్దగానే ఉంటుంది. నరానికి దెబ్బ తగలొచ్చు. పైగా ఏ క్యాపూ జీవితాంతం ఉండదు, మార్చిన ప్రతిసారీ పన్ను ఇంకొంత తరుగుతుంది. గట్టి పళ్లను అలా చెక్కడానికి నాకు చేతులు రావు.

క్యాపులకు బదులు ఆ అమ్మాయికి చేసింది ఇది: చిగుళ్లకు రబ్బరు పొర కట్టి, యాసిడ్ కలిపిన ప్యూమిస్ పేస్టుతో మచ్చల మీద కొన్ని సెకన్లు రుద్దడం, కడగడం, చూడడం, మళ్లీ రుద్దడం. గోధుమరంగు చాలావరకు పోయింది. మిగిలిన గుంటల్లో పంటిరంగు కాంపోజిట్ నింపాను. ఫ్లోరైడ్ పట్టిన ఎనామిల్‌కు ఎచ్చింగ్ మందు, అంటే కాంపోజిట్ అతుక్కునేలా పంటిని గరుకు చేసే యాసిడ్, మామూలుకన్నా ఎక్కువసేపు ఉంచాలి. లేకపోతే కాంపోజిట్ ఊడొస్తుంది. మచ్చ మరీ లోతుగా ఉంటే పన్ను ముందు అతికించే పలుచని పొర, వెనీర్, మేలు; ముందువైపు అర మిల్లీమీటరు తీస్తే చాలు.

అన్ని రంగులకూ ఇదే వైద్యం కాదు. చిన్నప్పుడు సైకిల్ మీంచి పడ్డ ఒక కుర్రాడికి ఒక్క పన్నే నల్లబడింది. ఎక్స్‌రే తీస్తే నరం చచ్చిపోయి ఉంది. రూట్ కెనాల్ చేసి, పన్ను లోపలే బ్లీచింగ్ మందు పెట్టి మారుస్తూ పోతే రంగు తేరుకుంది. పన్ను సగానికి పైగా విరిగి ఉంటే మాత్రం క్యాపే దారి, అక్కడ వెనకాడకూడదు.

ఇప్పుడు మిషన్ భగీరథ కింద కృష్ణా నీళ్లు వస్తున్నాయి. అయినా ఇంట్లో చిన్నపిల్లలుంటే, వంటకు బోరునీళ్లే పోస్తున్నారా అని తల్లిని అడుగుతాను. కాచి పోస్తున్నామంటారు కొందరు. కాచినా ఫ్లోరైడ్ పోదు, నీరు ఇగిరేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది.