సంతకం ఎవరిది?

పోస్టు కొంచెం పెద్దది, అయినా చదవండి.

పోయిన నెల మా పెద్దమ్మ బిడ్డ ఫోన్ చేసింది. ఇద్దరు పిల్లలు. మళ్లీ నెల తప్పింది, వద్దనుకుంది. ఆసుపత్రిలో "భర్త సంతకం తెస్తేనే" అన్నరట. బావ పనికి వేరే రాష్ట్రం పోయిండు. "తమ్ముడూ, చదువుకుంటున్నవ్ కదా, ఏం చెయ్యాలె?" అంది.

నిజం చెప్తున్నా, బిడ్డ ఇద్దరిదీ కదా, బావను అడగాల్సిందే అనుకున్న. తర్వాత చట్టం తీసి చదివిన. 1971 ఎంటీపీ చట్టం, సెక్షన్ 3(4): 18 నిండిన స్త్రీకి ఆమె సమ్మతి ఒక్కటే చాలు. డాక్టరు అభిప్రాయం కావాలి, 20 వారాల లోపు ఒక్క డాక్టరు చాలు. భర్త ఊసే లేదు. తనను అడగలేదని నష్టపరిహారం కోరుతూ ఒక భర్త సుప్రీంకోర్టు దాకా పోతే 2017లో కొట్టేసింది.

అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రం "భర్తకు ముందే చెప్పాలి" అని రూలు పెట్టింది. 1992లో కేసీ కేసులో అక్కడి సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. మంచి కాపురంలో భార్య ఎట్లాగూ చెప్తది. చెప్పలేనిది దెబ్బలకు భయపడే మనిషి. రూలు బరువంతా ఆమె మీదనే పడుతది. ఇది చదివినంక నా వాదన నిలబడలేదు. ఆ కేసీ తీర్పును కూడా 2022లో తీసేసిన్రు.

అక్క సెక్షన్ నంబరు కాగితం మీద రాసుకొని మళ్లీ పోయింది. ఈసారి ఆమె సంతకమే తీసుకున్నరు. బావకు ఆ రాత్రి తనే ఫోన్‌లో చెప్పింది. ఆయన బాధపడ్డడు. ఆ బాధ అబద్ధం కాదు. కానీ అది వాళ్లిద్దరూ మాట్లాడుకునేది, ఫారంలో గడి కాదు.

మీ ఊరి అక్కలకు ఈ సెక్షన్ చెప్పండి.